లెక్క ఆ రోజు నుంచే: విదేశాల్లో ఉన్నవాళ్ల సుఖవ్యాధి సందేహాలు

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. జవాబులు చర్మ, సుఖవ్యాధుల నిపుణుడివి. ఫోన్ చేసినవారి పేర్లు ఇవ్వలేదు.)

యాంకర్: కువైట్ నుంచి ఒక అన్న లైన్లో ఉన్నారు. అడగండన్నా, పేరు చెప్పనక్కర్లేదు.

శ్రోత: నమస్తే మేడం, నమస్తే డాక్టర్ సాబ్. మాది నిజామాబాద్ దిక్కు. ఇరవై రోజులైంది సార్, ఒకామె దగ్గరికి పోయిన, నిరోధ్ వాడలే. నాలుగు రోజులకు మూత్రంల మంట, చీము మొదలైంది. రూమ్ల దోస్తు అజిత్రోమైసిన్ 500 గోలీలు మూడు ఇచ్చిండు. చీము తగ్గింది గని మంట పోలే. వారానికి హెచ్‌ఐవీ టెస్టు చేయిస్తే నెగెటివ్ అన్నరు. వచ్చే వారం ఇంటికొస్తున్న, రెండు నెలల సెలవు. నిద్ర పడ్తలేదు సార్.

డాక్టర్: మీరు చెప్పిన మంటకూ చీముకూ మందుంది, నయమవుతుంది. ఆ ధైర్యంతో వినండి. వారానికి చేయించిన హెచ్‌ఐవీ పరీక్ష ఆ రోజు సంగతి చెప్పదు, అంతకుముందు మీకు లేదని చెప్తుంది, అంతే. వైరస్ ఒంట్లోకి వచ్చాక పరీక్షకు దొరికేంత పెరగడానికి రోజులు పడుతుంది. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్ష ఉంది. అది యాంటిజెన్‌నూ, అంటే వైరస్ ముక్కనూ, యాంటీబాడీనీ, అంటే దాని మీద మన ఒళ్లు తయారుచేసే పదార్థాన్నీ, రెండింటినీ చూస్తుంది. ఆమె దగ్గరికి వెళ్లిన రోజు నుంచి 45 రోజులు నిండాక అందులో నెగెటివ్ వస్తే నమ్మొచ్చు. వేలికి సూది గుచ్చి చేసే ర్యాపిడ్ కిట్లు చాలామటుకు యాంటీబాడీనే చూస్తాయి కాబట్టి వాటికి 90 రోజులు ఆగాలి. మీ 45వ రోజు ఇంటికొచ్చిన మూడో వారంలో పడుతుంది. ఆలోపు మళ్లీ మళ్లీ చేయించుకుంటే డబ్బూ పోతుంది, భయమూ పోదు.

యాంకర్: ఆ పరీక్ష కువైట్‌లోనే చేయించుకోవచ్చు కదా డాక్టర్ గారూ?

డాక్టర్: గల్ఫ్ దేశాల్లో విదేశీ కార్మికుడికి హెచ్‌ఐవీ ఉందని తేలితే వీసా రద్దు చేసి పంపించేస్తారు. సెలవు దగ్గరలోనే ఉంది కాబట్టి ఇక్కడ చేయించుకోవడమే మేలు. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో ఐసీటీసీలు, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రాలున్నాయి. పరీక్ష ఉచితం, ముందూ తర్వాతా కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీరు ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని ఇంకొకరికి చెప్పకూడదు. అయితే ఈ కేంద్రాల్లో సాధారణంగా ర్యాపిడ్ కిట్లే వాడతారు. అందుకని 45వ రోజు పరీక్ష మాత్రం ల్యాబులో, నాలుగో తరందేనా అని అడిగి మరీ చేయించుకోండి. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో ఇండియాకి వచ్చాక ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే చెప్తారు, టోల్ ఫ్రీ.

శ్రోత: మరి మంట సంగతి సార్? ఇంటికొచ్చినంక చూపిస్తే నడుస్తదా?

డాక్టర్: వద్దు, దానికి ఆగొద్దు. నాలుగు రోజుల్లోనే చీము వచ్చిందంటే మొదట అనుమానించేది గనేరియా, మనవాళ్లు సెగ అంటారు. దాంతోపాటు క్లమీడియా అనే ఇంకో సుఖవ్యాధి కూడా ఉండొచ్చు. మీ దోస్తు మంచికే ఇచ్చాడు గానీ, గనేరియాకి అజిత్రోమైసిన్ ఒక్కటే చాలదు. మందుకి లొంగని రకాలు పెరిగిపోయాయి, సిప్రోఫ్లోక్సాసిన్ అనే మందు అయితే ఎప్పుడో పనికిరాకుండా పోయింది. ఇప్పుడు ముఖ్యమైన మందు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్. క్లమీడియాకి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకి రెండు, ఏడు రోజులు. అరకొర మందు పడితే చీము ఆగినట్టే ఉంటుంది, లోపల క్రిమి మిగులుతుంది. మీకిప్పుడు అదే జరిగి ఉండొచ్చు.

రేపే అక్కడ యూరాలజీ డాక్టర్‌కి గానీ చర్మ డాక్టర్‌కి గానీ చూపించండి. మంట, స్రావం ఎన్నాళ్లుగా ఉన్నాయో, ఏ గోలీ ఎన్ని మింగారో చెప్పండి. గోలీల సంగతి దాస్తే పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. మూత్ర పరీక్షకు ముందు కనీసం గంట, వీలైతే రెండు గంటలు మూత్రానికి వెళ్లకుండా ఉండి, మొదటి ధారే పట్టాలి, 20, 30 మిల్లీలీటర్లు చాలు. మామూలు మూత్ర పరీక్షకి మధ్య ధార పడతాం, ఆ అలవాటుతో చాలామంది ఇక్కడ పొరపడతారు. హెచ్‌ఐవీ పరీక్ష ఇక్కడికొచ్చాకే అనుకున్నాం కాబట్టి, రక్తం తీస్తామంటే ఏ పరీక్షకని ముందే అడగండి. బీజాలు వాచి నొప్పి పెట్టినా, జ్వరం వచ్చినా ఆ పూటే ఎమర్జెన్సీకి వెళ్లండి.

శ్రోత: పుండు గిట్ల ఏం లేదు సార్.

డాక్టర్: మంచిది, కానీ చూసుకుంటూ ఉండండి. సవాయి, అంటే సిఫిలిస్ పుండు 10 రోజుల నుంచి 90 రోజుల లోపు ఎప్పుడైనా రావొచ్చు. నొప్పి ఉండదు, మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానిపోతుంది. రోగం మాత్రం పోదు. అందుకే ఆరు వారాలు నిండాక ఒకసారి, తిరిగి ఫ్లైట్ ఎక్కేముందు 12 వారాలు నిండాక ఇంకోసారి వీడీఆర్‌ఎల్, టీపీహెచ్‌ఏ అనే సిఫిలిస్ రక్త పరీక్షలు చేయించండి. హెపటైటిస్ బి పరీక్ష కూడా అప్పుడే చేయించండి. లేదని తేలితే టీకా మొదలుపెట్టండి.

శ్రోత: ఇంటామెకు ఏం చెప్పాలె సార్?

డాక్టర్: మూత్రనాళంలో ఇన్ఫెక్షన్‌కి మందు వాడుతున్న, డాక్టర్ దూరంగా ఉండమన్నడు అని చెప్పండి. అది నిజమే. కోర్సు అయ్యాక ఏడు రోజులు పూర్తిగా దూరం, ఆ తర్వాత కూడా అన్ని ఫలితాలూ వచ్చేదాకా నిరోధ్ తప్పనిసరి. పరీక్షల్లో ఏదైనా తేలితే మాత్రం ఆమెకు విషయం చెప్పాల్సిందే, ఆమెకూ పరీక్ష కావాల్సి రావొచ్చు. ఆడవాళ్లలో గనేరియా, క్లమీడియా చాలాసార్లు బయటికి కనిపించవు, మందు పడకపోతే లోపల గొట్టాలు మూసుకుపోయి పిల్లలు పుట్టకుండా పోవచ్చు. చెప్పడం కష్టంగా ఉంటే ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి.

యాంకర్: బ్రిటన్ నుంచి ఇంకో కాల్. చదువుకుంటున్న అమ్మాయి.

శ్రోత: డాక్టర్ గారూ, మొన్న రాత్రి కండోమ్ చిరిగింది. 40 గంటలు దాటింది. ఆసుపత్రికి వెళ్తే వీసాకి ఇబ్బంది అవుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు.

డాక్టర్: అవదమ్మా. అక్కడ సెక్సువల్ హెల్త్ క్లినిక్‌లో పరీక్షా మందులూ విదేశీ విద్యార్థులకు కూడా ఉచితం. హెచ్‌ఐవీ ఉన్నా దాని కారణంగా వీసా తీసేయరు. నీకిప్పుడు కావాల్సింది పెప్ అవసరమా అన్న నిర్ణయం. అది హెచ్‌ఐవీ అంటకుండా 28 రోజులు వేసుకునే మందు, 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. అందరికీ ఇవ్వరు, అవతలి వ్యక్తి వివరాలు విని వాళ్లే తేలుస్తారు. గర్భం రాకుండా వేసే మాత్ర కూడా అక్కడే అడుగు. లెవోనార్‌జెస్ట్రెల్ అయితే మూడు రోజుల్లోపు, ఉలిప్రిస్టల్ అయితే ఐదు రోజుల్లోపు. గనేరియా, క్లమీడియాలకు రెండు వారాలయ్యాక స్వాబ్ పరీక్ష, అంటే దూదిపుల్లతో యోని నుంచి నమూనా తీయడం, అది నువ్వే తీసి ఇవ్వొచ్చు.

శ్రోత: రేపు క్లాస్ అయ్యాక వెళ్లనా?

డాక్టర్: రేపు సాయంత్రానికి 72 గంటలు దగ్గరపడతాయమ్మా. క్లినిక్ మూసేసి ఉంటే ఆసుపత్రి ఏ అండ్ ఈకి, అంటే ఎమర్జెన్సీ విభాగానికి వెళ్లు. ఫోన్ పెట్టేసి ఇప్పుడే బయలుదేరు.