ఒక చరణం కోసేసిన పాట

మిత్రులందరికీ నమస్కారం.

అమెరికా నల్లజాతి గాయకుడు శామ్ కుక్ పాడిన 'ఎ ఛేంజ్ ఈజ్ గోనా కమ్' పాటను మార్పు వచ్చి తీరుతుందని చాటే ఆశాగీతంగానే అందరూ చెబుతారు. నాకు మాత్రం అందులో ఆశ కంటే ముందు అలసట వినిపిస్తుంది.

కుక్ పాస్టర్ గారి కొడుకు. చర్చి పాటలతో మొదలుపెట్టి, 1957లో 'యూ సెండ్ మీ' అనే ప్రేమపాటతో అమెరికా అంతటా పేరు తెచ్చుకున్నాడు. అంత పేరున్నా 1963 అక్టోబరులో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో, భార్య పక్కనుండగానే, నల్లవాడని హోటల్లో గది ఇవ్వలేదు. ఇదేం న్యాయమని గట్టిగా అడిగినందుకు పోలీసులు అరెస్టు చేశారు. అదే ఏడాది తెల్లజాతి గాయకుడు బాబ్ డిలన్ రాసిన 'బ్లోయిన్ ఇన్ ద విండ్' పాట విన్నాడు. ఇలాంటి పాట ఒక తెల్ల కుర్రాడు రాశాడే, మనం రాయలేదే అని మథనపడ్డాడు.

చివరికి తనే ఈ పాట రాశాడు. 1964 జనవరి 30న హాలీవుడ్‌లో దాని రికార్డింగ్ జరిగింది. రెనే హాల్ వయొలిన్లతో, పెద్ద డప్పులతో సినిమా స్థాయిలో వాద్యాలు కూర్చాడు. ఆ డిసెంబరు 11న లాస్ ఏంజెలెస్‌లోని ఒక మోటెల్‌లో కుక్ తుపాకీ గుండుకు బలయ్యాడు. వయసు 33. కొద్ది రోజులకే పాట సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, అదీ 'షేక్' అనే పాట రికార్డు రెండో వైపున వచ్చింది. ఒక చరణం మాత్రం అందులో లేదు! సినిమాకు వెళ్లినా, ఊరి నడిబొడ్డుకు వెళ్లినా ఇక్కడ తిరగొద్దంటున్నారని చెప్పే చరణమది. ష్రీవ్‌పోర్ట్ అవమానానికి అంత దగ్గరగా ఉన్న మాటలు పాటలో ఇంకెక్కడా లేవు. దాన్నే కోసేశారు.

రాసినవాడు లేకపోవడంతో పాటను తోటి గాయకులు అందుకున్నారు. 1965లో ఓటిస్ రెడింగ్ మాటల్ని విరిచి విరిచి, గొంతు బొంగురుపోయేలా పాడాడు. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ ఇంకో పని చేసింది. తన మనసును తాకిన మాట ఒకటి పాత స్నేహితుడి నోట విన్నానంటూ ముందు తన సొంత పంక్తులు కలిపింది. ఆమె కూడా పాస్టర్ కూతురే, కుక్‌ను ఎరిగిన మనిషే. అందుకే అది చర్చిలో లేచి నిలబడి చెప్పే సాక్ష్యంలా ఉంటుంది. నా దృష్టిలో ఈ పాటను ఇతరులు మళ్లీ పాడిన కవర్లన్నింటిలో అదే మిన్న.

2009 జనవరిలో, ఒబామా ప్రమాణస్వీకారానికి రెండు రోజుల ముందు, వాషింగ్టన్‌లోని లింకన్ మెమోరియల్ దగ్గర గాయకులు బెట్టీ లావెట్, జాన్ బాన్ జోవి కలిసి ఈ పాట పాడారు. ఆ సంతోషం న్యాయమైనదే. కానీ ష్రీవ్‌పోర్ట్ మేయర్ కుక్ కుటుంబానికి క్షమాపణ చెప్పింది 2019లో! అంతవరకూ పాటలోని ఆ ఎదురుచూపు తీరలేదు.

ఇప్పుడు మీకు వినిపించబోయేది సింగిల్ కాదు, కుక్ ఆల్బమ్‌లోని పూర్తి పాట. ఆ చరణం ఇందులో ఉంది.