ముందు తుంటి తిరగాలి

అందరికీ నమస్కారం.

50 దాటాక గోల్ఫ్ మొదలుపెట్టినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. బాగానే ఉన్నాం. ఇక దించేయండి. ఇప్పుడు, ఆట మొదలుపెట్టాక నడుం నొప్పి వచ్చినవాళ్లు? చూశారా, దించిన చేతులే మళ్లీ లేచాయి.

నేనూ ఆ బాపతే. 58వ ఏట బంతిని కొట్టే క్లబ్ చేతపట్టాను. కదలకుండా కూర్చున్న బంతిని కొట్టడానికి ఒళ్లు వంచేదేముంది అనుకున్నాను. మూడో నెలలో ఒక సాయంత్రం ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో బుట్టెడు బంతులు డ్రైవర్‌తో, అంటే అన్నిటికంటే పొడవైన క్లబ్‌తో, బాదేసి, మహా ఉత్సాహంగా ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున సాక్సు తొడుక్కుందామని వంగితే మళ్లీ లేవలేకపోయాను. ఒక కాలికి సాక్సు, ఒక కాలికి లేదు. మంచం అంచున పది నిమిషాలు అలాగే ఉండిపోయాను.

ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఆవిడ ముందు నడుము జోలికే పోలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్లు రెండూ దగ్గరకి పెట్టించి, ఒక కర్రని ఛాతీకి అడ్డంగా పట్టుకోమంది. మోకాళ్లు కదలకుండా కుడికి తిరగమంది, తర్వాత ఎడమకి. 45 డిగ్రీలు రావాలట. నాకు అందులో సగం వచ్చింది, అదీ మూలుగుతూ. తర్వాత తుంటి కీళ్లు తిప్పి చూసింది. "మీ నడుముకి జబ్బేం లేదు సార్. పైవాడూ కిందవాడూ పని మానేశారు, మధ్యవాడొక్కడే ముగ్గురి పనీ చేస్తున్నాడు" అంది.

ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే. మన నడుములో ఉన్నవి 5 పూసలు. అన్నీ కలిసి ఒక పక్కకి 15 డిగ్రీలు తిరిగితే గొప్ప. వాటి కీళ్లు ముందుకీ వెనక్కీ వంగడానికి పనికొస్తాయి, మెలితిరగడానికి కాదు. మంచి ఆటగాడి భుజాలు బ్యాక్‌స్వింగ్‌లో, అంటే కొట్టే ముందు క్లబ్‌ని వెనక్కి ఎత్తేటప్పుడు, దాదాపు 90 డిగ్రీలు తిరుగుతాయి. మిగతా తిరుగుడు ఎక్కణ్ణుంచి రావాలి? పక్కటెముకలు అతుక్కుని ఉన్న 12 పూసల పై వీపు నుంచి, తుంటి నుంచి. ముప్పై ఏళ్లు కుర్చీలోనూ స్టీరింగ్ ముందూ కూర్చున్నవాళ్లకి ముందుగా బిగుసుకుపోయేవి సరిగ్గా ఆ రెండే. పైగా క్లబ్ కిందికి దిగేది సెకనులో పావు వంతులో. అంత వేగంలో తుంటి తిరగనని మొరాయిస్తే ఆ భారం నడుము మీద పడుతుంది.

అందుకని ఇంట్లో చేసుకునేవి రెండు చెప్తాను. పక్కకి తిరిగి పడుకోండి. మోకాళ్లు మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టండి. చేతులు ముందుకు చాచి అరచేతులు కలపండి. ఇప్పుడు పై చేతిని పుస్తకంలో పేజీ తిప్పినట్టు నెమ్మదిగా వెనక్కి తెరవండి. చూపు చేతి వెంటే పోవాలి. మోకాళ్లు విడిపోయాయంటే వీపు తప్పించుకుంది, నడుమే తిరుగుతోందని అర్థం. రెండోది కుర్చీలోనే. తొడ కదలకుండా పాదాన్ని బయటికి, లోపలికి ఊపండి. పాదం బయటికి పోతున్నప్పుడు తుంటి లోపలికి తిరుగుతోంది. కుడిచేతి వాటం వాళ్లకి బ్యాక్‌స్వింగ్‌లో కుడి తుంటికి, బంతి తగిలాక ఎడమ తుంటికి కావలసింది ఈ తిరుగుడే. అదీ రాకపోతే బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమ కాస్త లేవనివ్వండి. జాక్ నిక్లస్ అంతటి ఛాంపియనే అలాగే కొట్టేవాడు, మనకి నామోషీ ఏమిటి?

"రోజూ వాకింగ్ చేస్తున్నాం కదండీ" అంటారు. చేయండి. నడిచి 18 హోల్స్, అంటే పూర్తి ఆట, ఆడితే 8 కిలోమీటర్ల దాకా అవుతుంది, దానికి దమ్ము కావాలి. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో ఆగలేదు. వారంలో కనీసం 2 రోజులు కండరాల బలానికి, 3 రోజులు బ్యాలెన్స్‌కి కూడా చేయమంది. మనం మొదటిది చేసి మిగతా రెండూ ఎగ్గొడతాం.

వయసుతో ముందుగా తగ్గిపోయేది చురుగ్గా కదిలే కండరమే. డ్రైవ్ దూరం తగ్గుతోందంటే సగం కారణం అదే, కొత్త డ్రైవర్ కొన్నా తిరిగి రాదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి చటుక్కున లేవండి, మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోండి. పదిసార్లు చాలు. ఇక బ్యాలెన్స్ సంగతి. స్వింగ్ అయ్యాక బరువంతా ముందు కాలి మీదే, అంటే బంతి వెళ్లే వైపు కాలి మీదే, ఉండాలి, బంతి నేల మీద పడేదాకా అలాగే నిలబడండి. నా బంతి తొందరగానే పడిపోతుంది కాబట్టి నాకిది తేలిక.

కారు దిగి నేరుగా మొదటి టీ దగ్గర, అంటే ఆట మొదలుపెట్టే చోట, డ్రైవర్ తీసేవాళ్ల గురించి ఎక్కువ చెప్పను, మీలోనే ఉన్నారు. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుని, చిన్న క్లబ్‌తో మొదలుపెట్టండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, కీళ్ల ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడిగాకే ఇవన్నీ.

ఆపరేషన్ అంటే గుర్తొచ్చింది. 2009లో స్కాట్లండ్‌లోని టర్న్‌బెరీలో బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ పోటీ. అమెరికా ఆటగాడు టామ్ వాట్సన్‌కి 59 ఏళ్లు. అంతకు ముందు అక్టోబర్‌లోనే ఎడమ తుంటి కీలు మార్చారు. అంటే కొత్త తుంటికి నిండా ఏడాది కూడా లేదు. చివరి హోల్‌లో పార్ చేస్తే, అంటే ఆ హోల్‌కి నిర్ణయించిన దెబ్బల్లో ముగిస్తే, టైటిల్ ఆయనదే. బంతిని గుంతలోకి దొర్లించే ఎనిమిది అడుగుల పుట్ తప్పింది, స్కోర్లు సమానమై ప్లేఆఫ్‌లో స్టూవర్ట్ సింక్ గెలిచాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఉసూరుమంటుంది. కానీ ఒకటి గమనించండి, నాలుగు రోజులు, 72 హోల్స్, కుర్రాళ్లందరి కంటే ఒక్క పుట్ దూరంలోనో ముందో ఉన్నాడు. తప్పింది పుట్, తుంటి కాదు.

సరే, వెనకాల మూలన నాలుగు కర్రలు పెట్టాను. కుర్చీల్లో మీరెలాగూ కూర్చునే ఉన్నారు. మోకాళ్లు దగ్గరకి పెట్టండి. ముందెవరు తిరుగుతారు?