ఎల్లమ్మ కథను నలభై ఏళ్లు మోసిన జర్మన్ కవి

[తెర మీద: ఏటి ఒడ్డు, ఇసుక. వెనకాల ఒగ్గుడోలు.]

ఎల్లమ్మ కథ మీరు వినే ఉంటారు. ఒగ్గు కథలోనో, బోనాలప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల నోటనో. రేణుక రోజూ ఏటికెళ్లి ఇసుకతో కుండ చేసి నీళ్లు తెచ్చేది. ఒకరోజు గంధర్వుణ్ణి చూసి మనసు చెదిరింది, కుండ నిలవలేదు. జమదగ్ని కోపం, పరశురాముడి గొడ్డలి. ఆ తర్వాత తల ఒకరిది, మొండెం ఇంకొకరిది.

ఇదే కథను రెండొందల ఏళ్ల కిందట, జర్మనీలోని వైమర్ ఊళ్లో, డెబ్బై దాటిన ఒక పెద్దాయన పద్యాలుగా రాశాడు. ఆయనే యోహాన్ వోల్ఫ్‌గాంగ్ గోథే. (జర్మన్లు పలికేటప్పుడు ఆ 'థ' ఒత్తు ఉండదు. మన పుస్తకాల్లో గోథే అనే అచ్చేశారు కాబట్టి మనమూ అలాగే అందాం.)

శాకుంతలం చదివి ఆయన పొంగిపోయిన సంగతి అందరూ చెప్పేదే. దాని జోలికి ఇవాళ పోను.

[తెర మీద: ఫ్రాంక్‌ఫర్ట్ వీధి.]

1749 ఆగస్టు 28న ఫ్రాంక్‌ఫర్ట్‌లో కలిగినవాళ్లింట పుట్టాడు. నాన్న లా చదవమంటే చదివాడు. తిరిగొచ్చి సొంత ఊళ్లోనే లాయరుగా ఉన్నప్పుడు, 1772 జనవరిలో, సుసానా మార్గరెటా బ్రాంట్ అనే పనిమనిషికి మరణశిక్ష పడింది. పెళ్లికాకుండా పుట్టిన బిడ్డను చంపిందని నేరం. ఊరి నడిమధ్య, జనం చూస్తుండగా కత్తితో తల నరికారు. గోథేకి అప్పుడు 22 ఏళ్లు. ఆమెను ఉంచిన చెరసాల ఆయన ఇంటికి నడిచి వెళ్లేంత దూరమే.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అదే ఏడాది వెట్స్‌లార్ కోర్టులో పని నేర్చుకోవడానికి వెళ్లి, నిశ్చితార్థం అయిన షార్లొట్ బూఫ్ మీద మనసు పడ్డాడు. ఆ బాధకి తోడు, తెలిసిన కుర్రాడొకడు ప్రాణం తీసుకున్న వార్త. రెండూ కలిపి 1774లో 'వెర్థర్' నవల వచ్చింది. నాలుగు వారాల్లో రాసేశానని తనే చెప్పుకున్నాడు. కుర్రకారు వెర్థర్‌లా నీలం కోటు, పసుపుపచ్చ వెయిస్ట్‌కోటు తొడిగి తిరిగారు. లైప్‌జిగ్‌లో పుస్తకాన్నీ, ఆ వేషాన్నీ కూడా నిషేధించారు. 1808లో కలిసినప్పుడు నెపోలియన్, ఆ నవల ఏడుసార్లు చదివానన్నాడట.

[తెర మీద: వైమర్, రాజుగారి కొలువు.]

1775లో వైమర్ కుర్ర రాజు పిలిస్తే వెళ్లి, అక్కడే ఉండిపోయాడు. కవి కాస్తా మంత్రి అయ్యాడు: గనులు, రోడ్లు, సైన్యం లెక్కలు. ఇటలీ పారిపోవడం, కవి షిల్లర్‌తో స్నేహం, రంగుల మీద న్యూటన్‌తో తగాదా, ఒక్కొక్కటీ ఒక్కో వీడియో.

నాకు ఆయన జీవితంలో మింగుడుపడనిది 1783. యోహానా హ్యోన్ అనే ఇంకో పనిమనిషి, మళ్లీ అదే నేరం. ఇలాంటి కేసుల్లో మరణశిక్ష తీసేద్దామా అని రాజు తన మంత్రుల్ని అడిగాడు. ఉండనివ్వడమే మంచిదని మిగతా ఇద్దరూ అన్నారు. గోథే కూడా వాళ్లతోనే కలిశాడు. నవంబర్‌లో ఆమె తల తెగింది.

అప్పటికే ఆయన బల్ల సొరుగులో 'ఫౌస్ట్' నాటకం తొలి ప్రతి ఉంది. అందులో గ్రెచెన్ అనే అమ్మాయి బిడ్డను చంపి చెరసాలలో పడుతుంది. సుసానా నీడ ఆ పాత్ర మీద పడిందంటారు పండితులు. ఆ తొలి ప్రతి చివర్లో సైతాను "ఆమె పని అయిపోయింది" అంటాడు, అంతే. 1808లో అచ్చైన ప్రతిలో ఆ మాటకు జవాబుగా పైనుంచి ఒక గొంతు వినిపిస్తుంది: "ఆమె తరించింది." మంత్రిగా ఇవ్వని క్షమాభిక్ష కవిగా ఇచ్చాడనిపిస్తుంది నాకు.

'ఫౌస్ట్' మొత్తం ముగించేసరికి 1831. దాదాపు అరవై ఏళ్లు! రెండో భాగం చుట్టకట్టి సీలు వేశాడు, 1832 మార్చి 22న పోయాక గానీ అచ్చు కాలేదు.

[తెర మీద: మళ్లీ ఏటి ఒడ్డు.]

ఇక ఎల్లమ్మ దగ్గరికి. సొనెరా అనే ఫ్రెంచి యాత్రికుడు మన దక్షిణాది తీరంలో తిరిగి, విన్న కథలు రాసుకుని 1782లో పారిస్‌లో పుస్తకం వేశాడు. రేణుక కథ అందులో ఉంది. గోథే చదివాడు. చదివి వెంటనే రాయలేదు. కొన్ని కథలు నలభై యాభై ఏళ్లు లోపలే బతికుంటాయని తనే రాసి, వాటిలో దీని పేరూ చెప్పాడు. చివరికి 1824లో 'పరియా' (అంటే అంటరాని కులం మనిషి) పేరుతో మూడు పద్యాలుగా బయటికి వచ్చింది.

ఆయన కథలో కుండ అసలుండదు, నీళ్లే స్ఫటికం బంతిలా చేతిలో నిలుస్తాయి. నరికేది కొడుకు కాదు, భర్తే. ఎదురొచ్చిన కొడుకు కత్తి మీది నెత్తురు ఎవరిదని అడుగుతాడు. నేరం చేసినదానిది అంటాడు తండ్రి. కాదు, నేరస్థుల నెత్తురు కత్తికి గడ్డకడుతుంది, ఇది గాయంలోంచి ఇప్పుడే కారుతున్నట్టు ఉంది, అంటాడు కొడుకు. తల్లిదని తెలిశాక పరుగెత్తుతాడు, ఆ తొందరలో ఆమె తలను నరికేసిన ఇంకో ఆడదాని మొండేనికి అతికిస్తాడు.

లేచిన తల్లి ఏడవదు. బ్రాహ్మణి తల, పరియా ఒళ్లు. ఇకనుంచి బ్రహ్మ దగ్గరికి వెళ్లి పరియాలందరి తరఫునా తనే అడుగుతానంటుంది. మెల్లగా చెబుతుందట, గద్దిస్తుందట కూడా. చివర్లో ఒక మాట: నేను ఏమనుకుంటానో, లోపల నాకేమవుతోందో, అది మాత్రం రహస్యంగానే ఉండనీ.

[తెర నల్లబడుతుంది. ఒగ్గుడోలు.]