పొగబండి వెళ్లాక డ్రమ్ములో ఏముంది?

(ఆగస్టు 20, దోమల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించండి.

1897లో ఇదే రోజున బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో మచ్చల రెక్కల దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ మాట అందరూ చెబుతారు. అంతకు ముందు రెండేళ్లు ఆయన వేరే దోమల్ని కోస్తూ కూర్చున్నాడన్న సంగతి తక్కువ మంది చెబుతారు. బూడిదరంగువి, చారలవి ఎన్ని కోసినా ఏమీ దొరకలేదు. శ్రమలో లోపం లేదు, ఎంచుకున్న దోమలోనే పొరపాటు. ఆ చారల దోమ, ఈడిస్, ఇవాళ మనకు డెంగీ తెస్తోంది. మనమేమో డెంగీ అనగానే క్యూలెక్స్ అనే వేరే దోమ పెరిగే మురిక్కాలవలో మందు కొడుతున్నాం. నూట పాతికేళ్లు దాటాక కూడా దోమను ఎంచుకోవడంలోనే తప్పుతున్నాం.

ఈడిస్‌కు కావలసింది ఇంట్లో నిలవున్న తేటనీళ్లు. డ్రమ్ము, సిమెంటు తొట్టి, మూత సరిగా పడని సంపు, కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, మేడ మీద పడేసిన టైరు. గుడ్లు నీళ్లలో పెట్టదు. నీటిమట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు ఒక్కొక్కటీ అంటిస్తుంది. నల్లగా, మసి నలుసుల్లా ఉంటాయి. డ్రమ్ము బోర్లించి ఎండబెట్టినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు పట్టి, మట్టం ఆ గీతను దాటగానే పగులుతాయి. అందుకే శుక్రవారం డ్రైడే అని నీళ్లు పారబోసి ఊరుకుంటే సగం పనే. కొబ్బరిపీచుతోనో గట్టి బ్రష్షుతోనో నీటిగీత చుట్టూ, దానిపైన జానెడు మేర రుద్దాలి. కడిగిన నీళ్లు పొడినేల మీద పోయాలి, పక్క తొట్టిలో కాదు. వారానికోసారే ఎందుకంటే, గుడ్డు పగిలాక దోమ ఎగరడానికి మన వేడికి ఏడెనిమిది రోజులు చాలు. పది రోజులకోసారి కడిగితే ఒక పంట ఎగిరిపోయినట్టే.

ఇక దోమల మందు పొగ వదిలే పొగబండి. నాలుగు కేసులు రాగానే కాలనీవాళ్లు అడిగేది అదే, నాయకులు పంపేదీ అదే. పొగ తగిలి చచ్చేది ఆ క్షణంలో గాల్లో ఎగురుతున్న దోమ. ఈడిస్ ఆ సమయానికి మంచం కింద, తలుపు వెనక వేలాడే బట్టల్లో, బీరువా చాటున ఉంటుంది. పొగ వాసనకు మనం కిటికీలు మూసి దాన్ని ఇంకా భద్రంగా దాస్తాం. డ్రమ్ములో గుడ్డు పగిలి వచ్చిన పురుగుకు, అంటే లార్వాకు, దోమగా మారే ముందు దశ ప్యూపాకు ఆ పొగతో పనే లేదు. బండి వెళ్లిన రెండో రోజే కొత్త దోమలు లేస్తాయి. ఈ మాట ప్రతి సభలో చెబుతాను, మళ్లీ చెబుతాను: పొగ కనిపిస్తుంది కాబట్టి పని జరిగిందనుకుంటున్నాం.

మందులే వద్దని కాదు. కేసు తేలిన ఇంట్లో, ఇరుగుపొరుగు ఇళ్లలో లోపల కొట్టే పైరెత్రమ్ అనే దోమల మందుకు విలువుంది. 2 శాతం ద్రావణం ఒక పాలు, కిరోసిన్ 19 పాళ్లు. కానీ ఎప్పుడు కొట్టాలి? ఇక్కడున్న డాక్టర్లు దయచేసి వినండి. రోగి రక్తం తాగిన దోమ మరొకరికి వైరస్ ఎక్కించేలోపు సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. మనకు దొరికే గడువు అదే. డెంగీని తేల్చే ఎన్‌ఎస్1 రక్తపరీక్ష జ్వరం మొదటి ఐదు రోజుల్లోనే బాగా పట్టిస్తుంది. ఆ ఫలితం, ఇంటి చిరునామాతో సహా, ఆ సాయంత్రానికే దోమల పని చూసే ఎంటమాలజీ సిబ్బంది చేతికి రావాలి. రెండు వారాలకు నెలవారీ పట్టికలో వస్తే, అప్పటికి వీధంతా జ్వరాలే.

నన్ను పిలిచింది బహుశాస్త్ర పరిశోధన గురించి, అంటే వేర్వేరు శాస్త్రాలవాళ్లు కలిసి చేసే పని గురించి మాట్లాడమని. ఇప్పటిదాకా చెప్పిందీ అదే. డాక్టరు చేతిలో జ్వరం వచ్చిన తేదీ ఉంది, కీటక శాస్త్రవేత్త చేతిలో దోమ ఉంది. నల్లా ఎప్పుడు వస్తుందో నీటి ఇంజనీరుకు తెలుసు. మూడు రోజులకోసారి నీళ్లొచ్చే బస్తీలో డ్రమ్ములు పెట్టుకోవద్దని ఏ ఆశా కార్యకర్త చెప్పగలదు? అమ్మా, నీళ్లు నువ్వు తెచ్చిస్తావా అని అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. జవాబు ఇంజనీరు దగ్గరుంది.

ఇండోనేసియాలోని యోగ్యకర్త నగరం ఇలా కలిసి పనిచేసి చూపించింది. పండ్ల ఈగల్లో ఉండే వోల్బాకియా అనే బ్యాక్టీరియాను ఈడిస్‌లోకి ఎక్కిస్తే, దోమలో డెంగీ వైరస్ సరిగా పెరగదు. నగరాన్ని 24 ప్రాంతాలుగా విడదీసి, 12 చోట్ల ఆ దోమల గుడ్లున్న చిన్న బకెట్లు జనం పెరళ్లలో పెట్టారు. ఆ ప్రాంతాల్లో డెంగీ 77 శాతం, ఆసుపత్రిలో చేరికలు 86 శాతం తగ్గినట్టు 2021లో ఫలితాలు ప్రచురించారు. ప్రయోగశాల ఒక్కటే ఉంటే ఇది జరిగేది కాదు. 'మా పెరట్లో దోమలు పెంచుతారా' అన్నవాళ్లకు గల్లీగల్లీలో కూర్చుని ఓపిగ్గా చెప్పినవాళ్లున్నారు, లెక్క తప్పకుండా ప్రాంతాలు విడదీసిన గణాంకవేత్తలున్నారు. మన పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పరిశోధన కేంద్రం కూడా అలాంటి ఈడిస్‌ను తయారు చేసింది. అది మన వీధుల్లోకి వచ్చేదాకా డ్రమ్ము కడగడం ఆపలేం.

నీళ్లలో కలిపి లార్వాలను చంపే టెమిఫోస్ మందు గురించి చివర్లో ఎవరో చీటీ పంపారు. వెయ్యి లీటర్ల నీటికి ఒక గ్రాము అసలు మందు, అంటే 50 శాతం ద్రావణం 2 మిల్లీలీటర్లు. కంటి అంచనాతో పోయకండి, సిరంజితో కొలవండి. ఎక్కువైతే నీళ్లు వాసనేస్తాయి, ఇల్లాలు పారబోసి కొత్తనీళ్లు పడుతుంది, మందూ పోతుంది, మనమీద నమ్మకమూ పోతుంది.

ఇంటికెళ్లాక ఒక్క పని చేయండి. టార్చి తీసుకుని డ్రమ్ము మూత మెల్లగా ఎత్తండి. నీడ పడగానే లార్వాలు అడుక్కు దిగుతాయి, ఏమీ లేదనుకుని మూసేయకండి. కదలకుండా రెండు నిమిషాలు నిలబడితే గాలికోసం ఒక్కొక్కటే పైకొస్తాయి. కామా గుర్తులా వంగి ఉన్నవి కనిపిస్తే అవి ప్యూపాలు, ఒకటి రెండు రోజుల్లో ఎగిరేవి. వాటిని లెక్కపెట్టి, ఆ అంకె మీ వార్డు ఎంటమాలజీ సిబ్బందికి చెప్పండి. నల్లా ఏ రోజున వచ్చిందో కూడా దాని పక్కనే రాయించండి.