ఫోన్-ఇన్: పిల్లల చేతి తొలి వంట

యాంకర్: పిల్లలకు వంట నేర్పడం గురించి ఇవాళ మనతో మాట్లాడుతున్నది, ఏళ్ల తరబడి హోమ్ సైన్స్ చెప్పిన టీచరుగారు. మొదటి కాల్ మల్కాజిగిరి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. మా బాబుకు 9 ఏండ్లు. వంట జేస్తా అంటడు. మా అత్తమ్మేమో ‘మొగపోరనికి గదేం పని’ అంటది. నాకు గూడ పొయ్యి అంటే భయమే. అందుకే ఉల్లిగడ్డ పొట్టు తియ్యమంటా, కొత్తిమీర తెంపమంటా. రెండు రోజులు చేసి, మూడో రోజు టీవీ ముంగట కూసుంటడు.

టీచర్: కూర్చోడా మరి? పొట్టు తీసింది వాడు, కూర మీది. ఒక పూర్తి వంట వాడికే అప్పగించండమ్మా. మీ ఇంట్లో పచ్చిపులుసు చేస్తారా?

కాలర్: వారానికి రెండుసార్లన్నా చేస్తం.

టీచర్: అదే నేర్పండి. మరగబెట్టే పని లేదు, మంట మీద పోపు ఒక్కటే. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి వాడే పిసకాలి. గింజ, పీచు చేతికి తగలాలి. పులుసు ఎంత చిక్కగా దిగిందో వేళ్లకే తెలుస్తుంది. తర్వాత ఉల్లిగడ్డ. మీరు రెండు చెక్కలు చేసి ఇవ్వండి. చదునువైపు పలకకు ఆనిస్తే దొర్లదు. పలక కింద తడిగుడ్డ వేయండి. పట్టుకున్న చేతి వేళ్లు గోళ్లు కనబడకుండా లోపలికి ముడవాలి. మొద్దు కత్తి మాత్రం ఇవ్వకండి, గట్టిగా నొక్కబోతే జారుతుంది.

కాలర్: పచ్చిమిర్చి మేం కాల్చి నలుపుతం మేడమ్.

టీచర్: కాల్చడం మీరు చేయండి. ఉప్పేసి నలపడం వాడు, చెంచాతో. చేత్తో నలిపితే ఆ చేయి కంట్లోకి పోతుంది.

కాలర్: పోపు ఎట్ల?

టీచర్: అప్పుడు పక్కనే నిలబడాలి. వంటగట్టు వాడికి ఛాతీ దాకా ఉంటుంది, నూనె చిందితే ముఖానికే. కదలని పీట ఎక్కించండి. కరివేపాకు కడిగాక గుడ్డతో ఒత్తి ఆరబెట్టండి. నూనె చిందేది ఆకు మీది తడి వల్లే. కాగిన నూనెలో నీటిచుక్క ఒక్కసారిగా ఆవిరైపోతుంది. ఆవాలు చిటపటమన్నాక స్టవ్ కట్టేసి, అప్పుడు వాణ్ని ఆకు వేయమనండి. మా అమ్మాయికి నేర్పిన రోజు నేను తడి ఆకే వేయనిచ్చాను. మణికట్టు మీద బొబ్బ లేచింది. కుళాయి కింద పెట్టి, రెండు నిమిషాలకే తీసేశాను. 20 నిమిషాలు ఉంచాలి, మామూలు చన్నీళ్ల ధారలో. ఐసు వద్దు, టూత్‌పేస్ట్ అసలు వద్దు. ఆ మచ్చ చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఇంకోటి, నువ్వుల పొడి ఎంత వేయాలో మీ అత్తమ్మగారితో వాడికి చెప్పించండి. వంటింట్లోంచి పొమ్మనడం ఆమే మానేస్తారు.

యాంకర్: కూకట్‌పల్లి నుంచి ఓ తండ్రి.

కాలర్: మా పాపకు 13 అండి. మేం ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి 8 అవుతుంది. కుక్కర్ పెట్టమనొచ్చా?

టీచర్: ముందు కరెంటు రైస్ కుక్కర్ చాలండి. సోనామసూరికి గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు. ప్రెషర్ కుక్కర్ మీరు ఇంట్లో ఉన్నప్పుడే ఓ నెల చేయించండి. లోపల వేడి 100 కాదు, దాదాపు 120 డిగ్రీలు. కూత ఆగినంత మాత్రాన ఆవిరి పోయినట్టు కాదు. చల్లారాక చెంచాతో వెయిట్ లేపితే బుస్సుమనకూడదు, అప్పుడే మూత తీయాలి. పప్పయితే సగానికి మించి నింపొద్దు, పొంగి ఆవిరి దారికి అడ్డం పడుతుంది. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

యాంకర్: మల్కాజిగిరి అమ్మగారు మళ్లీ లైన్లోకి వచ్చారు. బాబు మాట్లాడతాడట.

బాబు: టీచర్, బెల్లం ఎంతెయ్యాలె?

టీచర్: ముందు బెల్లం లేకుండా ఓ చుక్క నాలుక మీద వేసుకో నాన్నా. తర్వాత చిన్న ముక్క వేసి, కరిగాక మళ్లీ చూడు. ఏది బాగుందో నువ్వే చెప్పాలి.

బాబు: మా నానమ్మ అసలెయ్యదు.

టీచర్: అయితే రెండు గిన్నెల్లో చెయ్యి.