ముందు పరుగా, ముందు బరువులా? వ్యాయామ క్రమంపై స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఒకే పూట కార్డియో, అంటే పరుగు, సైకిల్ వంటి దమ్ము పెంచే వ్యాయామం, బరువుల వ్యాయామం రెండూ చేసేవారు ఏది ముందు చేయాలన్నది ఈనాటి చర్చాంశం. వ్యాయామ శరీరధర్మశాస్త్రం బోధించే ఆచార్యులు, పోలీసు ఉద్యోగార్థులకు ఈవెంట్స్‌లో, అంటే పరుగు, లాంగ్‌జంప్, గుండు విసరడంలో శిక్షణ ఇచ్చే కోచ్, మధుమేహ చికిత్సలో అనుభవమున్న వైద్యురాలు మనతో ఉన్నారు. ముందుగా నా సంగతే చెప్పుకుంటాను. జిమ్‌లో చేరిన కొత్తలో నేను 40 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తి, చెమట తుడుచుకుని, నేరుగా స్క్వాట్ రాక్ దగ్గరికి, అంటే భుజాల మీద బార్ పెట్టుకుని గుంజీలు తీసే చోటికి వెళ్లేవాడిని. ఒకరోజు 40 కిలోల బార్‌తో నాలుగోసారి కిందికి దిగాక లేవలేక అక్కడే ఉండిపోయాను. పక్కనున్న కుర్రాడు వచ్చి బార్ అందుకున్నాడు. మరుసటి వారం 30 కిలోలకు తగ్గించుకున్నాను గాని, లోపం బరువులో కాదు, వరుసలో ఉందన్న ఆలోచనే రాలేదు. ఆచార్యులు గారూ, అక్కడ జరిగిందేమిటి?

ఆచార్యులు: మీ తొడలు అప్పటికే అలసిపోయి ఉన్నాయి. పరుగులో కండరంలోని గ్లైకోజెన్, అంటే ఇంధనంగా దాచుకున్న చక్కెర నిల్వ, కొంత ఖర్చవుతుంది, కండరం చేత పూర్తి బలంతో పని చేయించే నాడీవ్యవస్థ కూడా కాస్త మందగిస్తుంది. ఆ స్థితిలో బార్ కిందికి వెళితే ఎత్తే బరువైనా తగ్గాలి, ఎత్తే సార్లయినా తగ్గాలి. ఒక్కరోజు తగ్గితే పోయేదేమీ లేదు. వారానికి మూడు రోజుల చొప్పున నెలల తరబడి తగ్గుతూ పోతే మాత్రం, కండరం పెరగడానికి అందవలసిన ఒత్తిడి ఎన్నడూ పూర్తిగా అందదు. ఈ నష్టం ఎక్కువగా పనిచేసిన కండరానికే పరిమితమన్నది కూడా గమనించాలి. ఆ రోజు మీరు స్క్వాట్ బదులు, బల్ల మీద పడుకుని చేతులతో బార్ పైకి నెట్టే బెంచ్ ప్రెస్ చేసి ఉంటే మీకు పెద్దగా తేడా తెలిసేది కాదు.

వ్యాఖ్యాత: అలసట సంగతి అర్థమైంది. అయితే పరుగు కండను తినేస్తుందని జిమ్‌లలో గట్టిగా చెబుతారే, అందులో నిజమెంత?

ఆచార్యులు: ఆ మాటకు మూలం ఒక ప్రయోగంలో ఉంది. రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ పరిశోధకుడికి స్వయంగా బరువులెత్తే అలవాటు ఉండేది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ హోలోజీ ప్రయోగశాలలో చేరాక, హోలోజీతో కలిసి పరుగుకు వెళ్లడం మొదలుపెట్టాడు. కొంతకాలానికి తన కండ, బలం తగ్గుతున్నట్టు గమనించాడు. ఆ సందేహాన్నే పరీక్షకు పెట్టి 1980లో ఫలితాలు ప్రచురించాడు. ఒక జట్టు బరువులే ఎత్తింది, ఒక జట్టు ఓర్పు వ్యాయామమే చేసింది, మూడో జట్టు రెండూ చేసింది. 10 వారాల ఆ ప్రయోగంలో మూడో జట్టు బలం 7 వారాలదాకా మొదటి జట్టుతో పోటీగా పెరిగి, అక్కడ ఆగి, చివరి వారాల్లో వెనక్కి జారింది. దమ్ము మాత్రం రెండో జట్టుకు దీటుగానే పెరిగింది. అంటే పరుగు బలానికి అడ్డొచ్చింది గాని, బలం పరుగుకు అడ్డురాలేదు.

కోచ్: ఆచార్యులు గారూ, అక్కడ ఒక మాట. ఆ జట్టు వారానికి ఎన్ని రోజులు కష్టపడిందో కూడా చెప్పాలి.

ఆచార్యులు: నేనూ అక్కడికే వస్తున్నాను. వారానికి 5 రోజులు కాళ్లకు భారీ బరువులు, 6 రోజులు రోజుకు 40 నిమిషాల తీవ్రమైన ఓర్పు వ్యాయామం. అంత భారం మోసేవాడు మన జిమ్‌లలో నూటికొకడు కూడా ఉండడు. అందుకే తరవాతి పరిశోధనలు ఆ భయాన్ని బాగా తగ్గించాయి. అనేక ప్రయోగాలను కలిపి చూసి 2022లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, రెండూ కలిపి చేసినంత మాత్రాన కండ పెరుగుదలకు గాని, గరిష్ఠ బలానికి గాని చెప్పుకోదగ్గ నష్టం లేదు. కొంత దెబ్బతినేది ఒక్క ఊపులో చూపవలసిన బలం, అంటే దూకడం, విసరడం వంటివి. అది కూడా రెంటినీ ఒకే పూట వెంటవెంటనే చేసినప్పుడు.

కోచ్: నా కూడు ఆ దూకడం మీద, ఆ విసరడం మీదే ఉందండీ. తెలంగాణలో 2022 నాటి పోలీసు నియామకాల లెక్క చెబుతాను. మగవారు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, లాంగ్‌జంప్‌లో 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి. ఆడవారికి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, దూకుడు రెండున్నర మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. 400 మీటర్ల ట్రాక్ మీద మగవారి పరుగు నాలుగు రౌండ్లు. రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు పడితే గట్టెక్కుతారు. ఈ పరీక్షలో ముందు పరుగు, అందులో నెగ్గినవారికే తరవాత దూకుడు, గుండు. ఆచార్యులు గారు అలసిన కాళ్లతో చేయవద్దన్న పనినే ఆ రోజు గ్రౌండ్‌లో అలసిన కాళ్లతో చేయించి మరీ చూస్తారు.

వ్యాఖ్యాత: అయితే సాధన కూడా అదే వరుసలో చేయిస్తారా?

కోచ్: మొదట్లో అలాగే చేయించి దెబ్బతిన్నాను. రోజూ పరుగు, వెంటనే దూకుడు, వెంటనే గుండు. ఒక కుర్రాడు విడిగా వేస్తే 6.80 మీటర్లు వేసేవాడు. నాలుగు రౌండ్లు తిరిగి వచ్చి వేస్తే 5.90 దగ్గర పడేది. కాళ్లతో నేలను తన్ని, ఆ బలాన్ని నడుం మీదుగా భుజానికి తెచ్చుకోవలసినవాడు, కాళ్లు పట్టు తప్పడంతో ఒట్టి చేత్తో నెట్టేవాడు. రెండు నెలలు అలా నెట్టేసరికి, పరుగు లేని రోజు కూడా చేత్తోనే నెట్టడం అలవాటైపోయింది. అలసటలో నేర్చుకున్న తప్పు అలసట తీరాక కూడా వదలదని నాకు ఆ కుర్రాడి దగ్గరే తెలిసింది. ఇప్పుడు నా పద్ధతి వేరు. తొలి రెండు నెలలు బరువుల రోజున వార్మప్ అయ్యాక ముందు దూకుడు, గుండు, ఆ తరవాత స్క్వాట్లు, చివర కాస్త తేలికపాటి పరుగు. వేగంగా పరుగెత్తే రోజు వేరు, ఆ రోజు బార్ ముట్టనివ్వను. పరీక్ష ఆరు వారాల్లోకి వచ్చాకే వారానికి ఒక్కరోజు అసలు వరుసలో, షూ వేసుకుని, చెస్ట్ నంబరు కట్టుకుని, రిహార్సల్.

ఆచార్యులు: ఇది శాస్త్రానికి సరిగ్గా సరిపోయే పద్ధతి. నేర్చుకునే దశలో తాజా కాళ్లు కావాలి, పరీక్ష దగ్గర పడ్డాక పరీక్ష వాతావరణం కావాలి. ఒకే పూట రెండూ చేసినవారిని పోల్చిన విశ్లేషణలు 2018లో వెలువడ్డాయి. వాటిలోనూ బరువులు ముందు చేసినవారికి కాళ్ల బలం ఎక్కువ పెరిగింది. దమ్ములో గాని, ఒంటి కొవ్వులో గాని వరుస వల్ల తేడా రాలేదు.

కోచ్: కానీ వేసవిలో గ్రౌండ్ పరిస్థితి వేరు. ఏప్రిల్‌లో ఏడు దాటితే ఎండ మాడు మీదికి వస్తుంది. అందుకని ఐదున్నరకే పరుగు ముగించి, బరువులు సాయంత్రానికి పెడతాను. అప్పుడు వరుస పరుగు, బరువులే కదా?

ఆచార్యులు: మధ్యలో పది గంటల ఎడం ఉన్నప్పుడు అది వరుస కిందికి రాదు. రెంటికీ మధ్య కనీసం 6 గంటలు ఉంటే అలసట చాలావరకు తీరుతుంది, ఒక రోజు ఎడం ఉంటే ఇంకా మేలు. రగ్బీ ఆటగాళ్లపై చేసిన ఒక అధ్యయనంలో ఇదే తేలింది. తిరగబెట్టి చూసినా లెక్క ఉంది: భారీగా స్క్వాట్లు చేసిన 24 నుంచి 48 గంటలదాకా పరుగు బరువుగా అనిపిస్తుంది, కాబట్టి మీ వేగపు పరుగు రోజు స్క్వాట్ల మర్నాడు పడకుండా చూసుకోండి. ఇంకొకటి, పరుగులో ప్రతి అడుగుకూ నేల దెబ్బ కండరం మీద పడుతుంది, సైకిల్‌లో అది లేదు. కాళ్ల బలం ముఖ్యమైనవారికి సైకిల్ తక్కువ అడ్డొస్తుంది.

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, చాలామంది జిమ్‌కు వచ్చేది పొట్ట తగ్గడానికి. ముందు బరువులెత్తి గ్లైకోజెన్ ఖర్చు చేస్తే, తరవాతి ట్రెడ్‌మిల్ నేరుగా కొవ్వును కరిగిస్తుందంటారు.

వైద్యురాలు: వ్యాయామం చేస్తున్న ఆ గంటలో ఏ ఇంధనం మండిందన్న దానికి, నెల తరవాత నడుము చుట్టుకొలత ఎంతన్న దానికి అంత దగ్గరి సంబంధం లేదండీ. వ్యాయామంలో కొవ్వు ఎక్కువ వాడితే, మిగిలిన రోజంతా శరీరం ఆ మేరకు తక్కువ వాడుకుని సర్దుకుంటుంది. చివరికి తేలేది తిన్నదెంత, ఖర్చయిందెంత అన్నదే. ఆ మాట కోసం వరుస మార్చుకోవలసిన పని లేదు. అయితే నా రోగుల్లో ఒక వర్గానికి మాత్రం వరుస నిజంగా ముఖ్యం. టైప్ 1 మధుమేహంతో ఇన్సులిన్ తీసుకునేవారికి వ్యాయామం నడుమ షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. కెనడాలో చేసి 2012లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో 12 మందిని పరిశీలించారు. ముందు బరువులు, తరవాత పరుగు చేసిన రోజున వ్యాయామంలో షుగర్ నిలకడగా ఉంది, తరవాత పడిపోవడం కూడా తక్కువసేపు, తక్కువ తీవ్రతతో ఉంది. తీవ్రంగా బరువులెత్తినప్పుడు అడ్రినలిన్ వంటి హార్మోన్లు కాలేయం నుంచి గ్లూకోజ్‌ను విడుదల చేయిస్తాయి, అది కాస్త అండగా నిలుస్తుంది.

వ్యాఖ్యాత: పెద్ద వయసువారి మాటేమిటి?

వైద్యురాలు: వారికి కూడా బరువులు ముందంటాను. బ్రెజిల్‌లో వయసు మళ్లిన మగవారికి 12 వారాలు, వారానికి మూడు రోజుల చొప్పున రెండు రకాల వ్యాయామాలూ చేయించి చూశారు. బరువులు ముందు చేసినవారికి కాళ్ల బలం సుమారు 35 శాతం, సైకిల్ ముందు తొక్కినవారికి సుమారు 22 శాతం పెరిగింది. అరవై దాటినవారిని మంచాన పడేసేది ఎక్కువగా కాళ్ల బలహీనతే, బాత్రూంలో ఒక్కసారి జారితే చాలు. నిజానికి మన దగ్గర వరుస కంటే పెద్ద సమస్య ఇంకొకటి ఉంది: బరువుల వ్యాయామమే ఉండదు. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామంతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పార్కులో నడిచేవారిలో మొదటిది పాటించేవారు కనిపిస్తారు, రెండోది ఆ ఊసే ఉండదు.

కోచ్: మన తాతలు తాలింఖానాలో బస్కీలు, దండీలు తీశాకే కుస్తీకి దిగేవారు. ఇప్పుడు ఆ బస్కీకే స్క్వాట్ అని పేరు పెట్టి నెలనెలా ఫీజు కడుతున్నాం. అన్నట్టు ఒక జాగ్రత్త: కార్డియో ముందు వద్దన్నామంటే వార్మప్ వద్దన్నట్టు కాదు. 5 నుంచి 10 నిమిషాలు ఒళ్లు వెచ్చబడేలా నడవాలి, ఖాళీ బార్‌తో ఒకటి రెండు సెట్లు చేయాలి. మాట్లాడలేనంత ఆయాసం వచ్చిందంటే మీరు వార్మప్ దాటిపోయారన్నమాట.

వ్యాఖ్యాత: మరి ఎవరికి పరుగే ముందు?

ఆచార్యులు: మారథాన్‌కో, 10 కిలోమీటర్ల పరుగుకో సిద్ధమయ్యేవారికి పరుగే ముందు, అందులో సందేహం లేదు. ఏ పని బాగా రావాలని మనకు పట్టుదల ఉందో, దానికి తాజా కాళ్లు ఇవ్వాలి. ప్రత్యేకమైన లక్ష్యమేదీ లేనివారు కూడా బరువులతోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. అలసిపోయాక నడక చేయవచ్చు గాని, అలసిపోయాక బార్ కింద ఒడుపు తప్పితే నడుం పట్టుకుంటుంది.

వ్యాఖ్యాత: గుంటూరు నుంచి ఒక ప్రేక్షకురాలు ఫోన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

ప్రేక్షకురాలు: నమస్కారమండీ. నాకు 52 ఏళ్లు. షుగర్ మాత్రలు వేసుకుంటున్నాను, పొద్దున్నే 45 నిమిషాలు నడుస్తాను. కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేయమని మా అమ్మాయి చెప్పింది. నడిచి వచ్చాక చేస్తుంటే ఆరోసారికే కాళ్లు వణుకుతున్నాయి. నాకు ఇక బలం రాదేమోనని భయంగా ఉంది.

వైద్యురాలు: భయపడకండమ్మా, మన వ్యాఖ్యాత గారికి స్క్వాట్ రాక్ దగ్గర జరిగిందే మీకూ జరుగుతోంది. వరుస తిరగేయండి. ఇంట్లోనే ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిచి, కుర్చీ వ్యాయామం పది సార్ల చొప్పున రెండు విడతలు చేసి, ఆ తరవాత నడకకు వెళ్లండి. వారానికి రెండు, మూడు రోజులు చాలు, మిగతా రోజులు నడక ఒక్కటే. మీ మాత్రల్లో గ్లిమెపిరైడ్ వంటిది ఉంటే మాత్రం షుగర్ పడిపోయే వీలుంది. మొదటి వారం రోజులు వ్యాయామానికి ముందూ తరవాతా పరీక్షించుకోండి, జేబులో చక్కెర బిళ్ల ఉంచుకోండి, మీ డాక్టరుకు కూడా ఈ మార్పు చెప్పండి.

ప్రేక్షకురాలు: మోకాళ్లు కటకటమంటాయండీ, ఫరవాలేదా?

వైద్యురాలు: నొప్పి, వాపు లేకుండా చప్పుడు మాత్రమే అయితే ఫరవాలేదమ్మా. నొప్పి ఉంటే ఆపి చూపించుకోవాలి.

కోచ్: అమ్మా, మీ కుర్చీ ఎలాంటిది?

ప్రేక్షకురాలు: మామూలు ప్లాస్టిక్ కుర్చీ అండీ.

కోచ్: గచ్చు మీద ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారుతుంది, గోడకు ఆనించి వేసుకోండి. మొదటి వారం చేతులతో కుర్చీని పట్టుకుని లేవండి, రెండో వారం నుంచి చేతులు గుండెల మీద కట్టుకోండి. కూర్చునేటప్పుడు ధబ్బున కూలబడకుండా, మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి.