ట్రంపెట్‌కి స్నానం: మెరుపు తర్వాత, ముందు గొట్టం లోపల

హోస్ట్: ట్రంపెట్ కాస్త మసకబారగానే చాలామంది ముందు పాలిష్ డబ్బా తీస్తారు. అక్కడి నుంచే మొదలుపెడదామా?

రిపేరర్: ఆ డబ్బా పక్కన పెట్టేయమనే చెబుతానండీ. ట్రంపెట్ మీద సాధారణంగా లాకర్ (పారదర్శకమైన వార్నిష్ లాంటిది) పూతో, వెండి పూతో ఉంటుంది. ఇత్తడి సామాను తోమే పాలిష్‌లో గరుకు పొడి ఉంటుంది కాబట్టి, రుద్దినప్పుడల్లా పూత అరిగిపోతుంది. అయినా అసలు నష్టం జరిగేది లోపల. మౌత్‌పీస్ దిగే మొదటి గొట్టం ఉంది చూశారూ, లీడ్‌పైప్, ఉమ్మీ తిండి నలుసులూ పేరుకునేది అందులోనే.

హోస్ట్: పేరుకుంటే ఏమవుతుంది?

రిపేరర్: ఇత్తడంటే రాగి, జింకు. ఆ మురికి తడిలో జింకు మెల్లగా కరిగిపోయి, గుల్లబారిన రాగి మిగులుతుంది. బయట గులాబీ రంగు మచ్చ, దాని నడుమ ముదురు చుక్క కనబడితే, లోపలి నుంచి గొట్టం తినేసినట్టే. అది తోమితే పోదు, గొట్టం మార్చాల్సిందే. అందుకే వాయించే ముందు నోరు పుక్కిలించడం ఏ పాలిష్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

హోస్ట్: సరే, స్నానం ఎలా చేయించాలి?

రిపేరర్: టబ్బు అడుగున మెత్తటి తువ్వాలు పరచండి, సొట్టలు పడకుండా. నీళ్లు గోరువెచ్చగానే ఉండాలి, వేడెక్కువైతే లాకర్ లేచిపోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు చాలు. స్లైడు, అంటే బయటికి జరిపి తీసే వంపు గొట్టం, లాగేటప్పుడు దానికి సంబంధించిన వాల్వును, అంటే వేలితో నొక్కే పిస్టన్‌ను, నొక్కి పట్టుకోండి. లేకపోతే లోపల గాలి బిగదీసి టప్పుమంటుంది. వాల్వులు, కింది మూతలు అన్నీ తీసేశాకే ట్రంపెట్ ఒళ్లు నీళ్లలో దించాలి. పదిహేను ఇరవై నిమిషాలు నాననిచ్చి, పొడవాటి, వంగే స్నేక్ బ్రష్‌ను గొట్టాల్లోకి ముందుకీ వెనక్కీ ఆడించండి. లీడ్‌పైప్‌లో మాత్రం నీళ్లు తేటగా వచ్చేదాకా ఆపొద్దు.

హోస్ట్: వాల్వుల్ని కూడా అందులోనే వేసేయొచ్చా?

రిపేరర్: వద్దు. పైన ఫెల్టు, అంటే ఒత్తిన ఉన్ని బిళ్ల, ఉంటుంది, తడిస్తే ఉబ్బి ఎత్తు మారుతుంది. అప్పుడు వాల్వు రంధ్రాలు గొట్టాలకి ఎదురుగా రావు, స్వరం మూసుకుపోతుంది. లోహపు భాగం వరకే కడిగి, పోగులు రాలని గుడ్డతో తుడవండి. వాల్వుకీ, అది కదిలే గొట్టం కేసింగ్‌కీ మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు, ఒక్క పోగు ఇరుక్కున్నా పట్టేస్తుంది. ఒకసారి కింద పడితే ఇంక చెప్పక్కర్లేదు.

హోస్ట్: తిరిగి బిగించేటప్పుడు?

రిపేరర్: వాల్వుల మీద 1, 2, 3 అని చెక్కి ఉంటుంది, మౌత్‌పీస్‌కి దగ్గరిది 1. మూడు నాలుగు చుక్కల వాల్వు ఆయిల్ వేసి, వాల్వుకి ఉండే చిన్న ముక్క, గైడు, గాడిలో కూర్చునేదాకా నెమ్మదిగా తిప్పండి. అంతా బిగించాక ఊదితే గాలి పోవడం లేదా? వాల్వులు తారుమారయ్యాయనో, గైడు కూర్చోలేదనో అర్థం. స్లైడ్లకి గ్రీజు, వాల్వులకి ఆయిల్. గ్రీజు వాల్వు మీదికి చేరితే జిగటై, వేలు ఎత్తినా వాల్వు పైకి లేవదు.

హోస్ట్: ఫ్లూటు, క్లారినెట్‌ల మీద వేళ్లతో నొక్కే కీలకీ ఇదే పద్ధతా?

రిపేరర్: అస్సలు కాదు. వాటిని నీళ్లలో ముంచకూడదు. కీల కింద రంధ్రాల్ని మూసే మెత్తటి ప్యాడ్లు తడిస్తే ఉబ్బి గాలి కారుతుంది, ఉక్కు స్ప్రింగులు తుప్పు పట్టి విరుగుతాయి. వాయించాక వేలిముద్రల చెమటను మెత్తటి పొడిగుడ్డతో ఒత్తకుండా తుడిస్తే చాలు. కీల మధ్య దుమ్ముకి చిన్న మెత్తటి బ్రష్ వాడండి. పాలిష్ అక్కడికి తేవద్దు, దాని పొడి ఇరుసుల్లో చేరి నూనెతో కలిసి ఇసుకలా అరగదీస్తుంది. ఆయిల్ వేయాల్సి వస్తే సూది మొనతో ఇరుసు చివర ఒక్క బొట్టు, పొంగింది వెంటనే తుడిచేయాలి. అది ప్యాడ్ మీదికి పాకితే ప్యాడ్ అంటుకుంటుంది.

హోస్ట్: వెండి పూత నల్లబడితే?

రిపేరర్: గాలిలోని గంధకం వల్ల వచ్చే నలుపు అది, తుప్పు కాదు. స్వరానికి ఏ లోటూ లేదు. వెండికని చేసిన పాలిష్ గుడ్డతో అరుదుగా తుడవండి. పెట్టెలో రబ్బరు బ్యాండ్లు మాత్రం ఉంచకండి, వాటిలోనూ గంధకముంటుంది.

హోస్ట్: ఇరుక్కున్న మౌత్‌పీస్ సంగతి?

రిపేరర్: పటకారు ముట్టుకోవద్దు. మెలిపెడితే లీడ్‌పైప్ టాకాలు ఊడిపోతాయి. మౌత్‌పీస్ పుల్లర్ అని పరికరం ఉంటుంది, అది నిటారుగా లాగుతుంది. రిపేరు చేసేవాళ్ల దగ్గర నిమిషంలో వచ్చేస్తుంది.